లోపలికి రెండు, బయటికి మూడు

రెండు దెబ్బలు కొడితే మనిషి లోపలికి వెళ్ళినట్టు. మూడు కొడితే బయటికి వచ్చినట్టు. తుంగమడుల వాళ్ళం, మాకు ఇంతకు మించి లెక్కలు అక్కర్లేదు. ప్రతి మడి గట్టు మీదా ఒక గుంజ, గుంజకు వేలాడే ఇనప ముక్క. కొడవలి వీపుతో దాన్ని కొట్టి దిగడం, కొట్టి ఇంటికి రావడం. తుంగ మనిషెత్తు పెరిగాక లోపల ఉన్నవాళ్ళు కనబడరు. అరిచినా వినబడరు. తుంగ మనిషి గొంతును దూదిలా మింగేస్తుంది. దెబ్బ మోత ఒక్కటే దాన్ని దాటి వస్తుంది, అందుకే ఇనుము. ఏ ఇంటి మోత ఆ ఇంటిది. మాది పగులు వారిన పాత రైలు పట్టా ముక్క, దాని గొంతు దగ్గు పట్టిన ముసలి మనిషి గొంతులా ఉంటుంది. పది మోతల్లో కలిసినా నేను గుర్తు పడతాను.

మా మడిలోకి ఆఖరుసారి రెండు కొట్టి దిగింది మా అత్తయ్య. ఆ కోతలు ముగియకుండానే పోయింది. తరవాత ఎవరూ అందులో కాలు పెట్టలేదు. మరుసటి ఏడు చలి విరిగిన వారం, ఓ పొద్దున, మా అమ్మాయి గోడకు ఆనించిన పార చేతిలోకి తీసుకుంది.

“ఎక్కడికే?”

“మడిలోకి. దుబ్బులు పెరికి విడదియ్యాలి. ఈ వారం దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి.”

“మీ నాన్న తుంగ కొనుక్కొస్తున్నాడుగా!”

“కొన్న తుంగ పెళుసమ్మా. నాన్నని అడుగు, చాపకి ఎన్ని పుల్లలు విరుగుతున్నాయో.”

మా ఆయన ముందుగదిలో చాపల మగ్గం మీద ఉన్నాడు. ఎడమ మోకాలు వంగదు ఆయనకి, నీళ్ళలో దిగే మనిషి కాదు. మగ్గం ఆపకుండానే, “వెళ్ళనీ,” అన్నాడు.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు ఎంచడం పూర్తయ్యేసరికే పొద్దు గుంకుతుంది, ఇక మేలు ఎంచే వేళ ఎక్కడ చిక్కుతుంది?

“జారితే?”

“లేస్తా.”

“పాముంటే?”

“అదే లేచిపోతుంది.”

“నీళ్ళెంత లోతో ఏమో...”

“మోకాలి లోతమ్మా.”

“బొటనవేలు మునిగే నీళ్ళలో చచ్చినవాళ్ళూ ఉన్నారు.”

“ఎవరు?”

“ఉన్నారు. వాళ్ళ పేర్లు నాకేం తెలుసు?”

ఇరవై ఏళ్ళ పిల్ల. నడుముకు చెంగు బిగించి నవ్వింది. నవ్వితే అచ్చం మా అత్తయ్యే, పై పెదవి ఒక పక్కకే లేస్తుంది.

“కొడతావుగా?” అన్నాను.

“కొడతాను. లోపలికి రెండు, బయటికి మూడు. నేను మరిచిపోతే నువ్వు చస్తావని నాకు తెలియదా?”

ఆ మాటకి నేను మాత్రం నవ్వలేకపోయాను.

*

నీళ్ళ సీసా సాకుతో వెనకే వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. అప్పటికి ఈ ఇంటి కోడలినై ఇరవై రెండేళ్ళు. కోసుకొచ్చిన తుంగను ఎండేస్తాను, తిరగేస్తాను, పొడుగూ పొట్టీ ఏరతాను. మడిలో మాత్రం ఏనాడూ దిగలేదు.

ఏడాదిగా కోయని తుంగ గోధుమ రంగుకు తిరిగి, ఒకదాని మీద ఒకటి పడి, ఉతకని బట్టల పోగులా ఉంది. తుంగ దుబ్బుకు ఒక గుణం ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ నడుమ భాగం చస్తుంది, అంచులే బతుకుతాయి. అందుకే దాన్ని పెరికి, నడిమి కుళ్ళు తీసేసి, అంచు పిలకల్ని విడదీసి మళ్ళీ నాటాలి. మా అమ్మాయి ఒక్కో దుబ్బును పారతో ఎత్తి, గట్టు మీద పెట్టి, కత్తితో రొట్టె కోసినట్టు కోసింది. పిలకల తలలు జానెడు ఉంచి కత్తిరించింది. వేళ్ళ బురద నీళ్ళలో జాడించి, వేలితో గుంట చేసి నాటింది.

“లోతుగా పాతవే, గాలికి పడిపోతుంది,” అన్నాను.

“నీ భయాలు తుంగకి కూడా ఎందుకమ్మా? మెడ దాకానే పాతాలి. నానమ్మ చెప్పేది, కాళ్ళు బురదలో, నడుము నీళ్ళలో, తల గాల్లో.”

“ఎప్పుడు చెప్పింది?”

“ఎప్పుడూ చెప్పేది. నువ్వు గట్టు మీదే ఉండేదానివి.”

పక్క మడి వాళ్ళాయన తన గట్టు మీద నుంచి మెడ సాచాడు. అందరూ పొడుగాయన అంటారు, మా అత్తయ్య అతనికి పెద్దమ్మ వరస. తుంగ మనిషెత్తు పెరిగినా అతని తల పైకి కనబడుతుందని అత్తయ్య ఎగతాళి చేసేది.

“ఏం వదినా, ఈ ఏడు కాపలా ఉద్యోగమా?”

“పిల్ల ఒక్కతీ ఉంది కదా అని.”

“ఒక్కతే ఎందుకుంటుంది? నువ్వున్నావు, నీ భయం ఉంది, ముగ్గురు.” తరవాత మా అమ్మాయి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “దుబ్బు బాగా విడదీస్తున్నావురా తల్లీ. మా పెద్దమ్మ చెయ్యే.”

తుంగకు చావు లేదంటాడు పొడుగాయన. మంచు కొట్టనీ, పశువు తొక్కనీ, నేల బీటలు వారనీ, తడి తగిలితే చాలు మళ్ళీ పిలక వేస్తుంది. ఒక్క విషయంలోనే జాగ్రత్త పడాలి. కోసేటప్పుడు నీటి మట్టానికి జానెడు పైనే కోయాలి. పుల్ల లోపలంతా తెల్లటి బెండు, గాలి గొట్టం లాంటిది. వేరు దాని గుండానే ఊపిరి తీసుకుంటుంది. నీళ్ళ కింద కోస్తే ఆ గొట్టంలో నీళ్ళు దిగి, వేరు ఊపిరాడక చస్తుంది. అన్నిటినీ తట్టుకునే మొక్క చివరికి తను బతికే నీళ్ళకే చస్తుంది.

ఆ మధ్యాహ్నం మా అమ్మాయి మూడు కొట్టి బయటికి వచ్చింది. ఇద్దరం ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాం. అప్పుడు వినబడింది, మా ఇనుము. దగ్గు గొంతుతో రెండు దెబ్బలు.

అమ్మాయి మొహం చూశాను. కాళ్ళు రుద్దుకుంటూనే ఉంది.

“విన్నావా?”

“ఏంటి?”

“ఏం లేదు. తొందరగా రా, ఎండలో నిలబడకు.”

*

పిలకలు పచ్చబడ్డాయి. చీలమండ దాకా, తరవాత పిక్క దాకా, తూము ఎత్తి నీళ్ళు పెంచుతూ పోయింది అమ్మాయి. నడుమ మొలిచిన జమ్మును వేళ్ళతో సహా పీకేసింది. తుంగ ఆమె మోకాలు దాటింది, నడుము దాటింది. ఒక రోజు గట్టు మీద నుంచి చూస్తే జడ మాత్రమే కనబడింది. మర్నాడు అదీ లేదు.

ఇక నాకు మిగిలింది చెవులే.

రోజూ రెండు వినేదాన్ని, మూడు వినేదాన్ని. ఆ రెండింటి మధ్య వండిందేమిటో, ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు. అవి చాలవన్నట్టు, మా అత్తయ్య దిగే వేళకి, పొద్దు వాకిట్లో రెండో మెట్టు మీద పడే వేళకి, ఎవరూ మడి దగ్గర లేనప్పుడు, ఆ రెండు దెబ్బలు. వాటి వెనక ఎన్నడూ మూడు వినబడలేదు.

మా ఆయనతో చెప్పాను. ఆయన కర్ర పట్టుకుని గట్టు దాకా కుంటుకుంటూ వెళ్ళి చూసి వచ్చాడు.

“గాలికి ఇనుము గుంజకు తగులుతోంది. వాడనప్పుడు తాడుతో కట్టెయ్యమని అమ్మాయికి చెప్పా.”

మర్నాటి నుంచి కట్టేసే ఉంది. రెండో మెట్టు మీద ఎండ పడింది. రెండు దెబ్బలు వినబడ్డాయి.

తాడును చూసి పామనుకునే మనిషిని కదా నేను, ఎవరితో చెప్పుకోను? పైగా ఆ రెండు దెబ్బలు నాకెందుకు వినబడుతున్నాయో ఊళ్ళో ఎవరికన్నా నాకే బాగా తెలుసు.

అత్తయ్య పోయిన ఏడాది, ఆమె పోవడానికి వారం ముందు, ఒక రోజు మూడు దెబ్బలు ఆలస్యమయ్యాయి. గట్టు మీదికి పరిగెత్తి ఇనుమును ఎడాపెడా బాదాను. పదముగ్గురు కోతవాళ్ళు కొడవళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి వచ్చారు. ఒకాయన పాదం తెగింది. తీరా చూస్తే, మడి నడుమ మట్టి దిబ్బ మీద కూర్చుని అత్తయ్య తీరిగ్గా చద్దన్నం తింటోంది.

“ఏమే కోడలా, నేను చచ్చినప్పుడు కూడా ఇంతమందినీ పిలుస్తావా, లేక దీంతో సరిపెడతావా?” అంది.

అందరూ విరగబడి నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు గంట. వీధిలో పిల్లలు కూడా నన్ను చూసి టంగు టంగుమనేవాళ్ళు. అత్తయ్యే పెట్టింది ఆ పేరు, ప్రేమగానే పెట్టింది. “మా గంట ఉండగా నాకేం భయం?” అనేది. కానీ నవ్వులు నవ్వులే. లోపల ముల్లులా ఉండిపోయాయి.

తరవాతి వారం ఆ రోజు వచ్చింది. పొద్దున రెండు వినబడ్డాయి. ఎండ నడినెత్తికి వచ్చింది, మూడు వినబడలేదు. నేనూ అమ్మాయీ వాకిట్లో తుంగ ఏరుతున్నాం. లోపల మగ్గం చప్పుడు. ఆ చప్పుడులో ఆయనకి ఇనుము వినబడదు. మగ్గం మీద నుంచే నన్ను అడిగాడు.

“అమ్మ వచ్చిందా? ... ఒకవేళ రాకపోయినా మళ్ళీ గంట మోగించకు తల్లీ, ఊరు నవ్వుతుంది.”

ఆయనా నవ్వుతూనే అన్నాడు.

జన్మకు ఒక్కసారి, ఆ ఒక్కసారి, నలుగురిలాంటి మనిషిలా ఉండాలనిపించింది నాకు.

“ఆ, ఇందాకే మూడు వినబడ్డాయి. చాపల షెడ్డుకి వెళ్ళుంటుంది,” అన్నాను.

పక్కన అమ్మాయి తల ఎత్తి నా మొహంలోకి చూసింది. మళ్ళీ వంచుకుంది.

సాయంత్రం అందరూ అడిగారు. “మూడు విన్నావా?” “విన్నాను.” ఒకసారి నోరు దాటిన మాటను మళ్ళీ మింగలేకపోయాను. విన్నానంటే బయటికి వచ్చినట్టేగా. అందుకే షెడ్డు వెతికారు, రోడ్డు వెతికారు, కాలువ వెతికారు. పొడుగాయన మెడ లోతు నీళ్ళలో నిలబడి గడ పెట్టి రెండు రోజులు కాలువ కెలికాడు. మడిలో ఎవరూ చూడలేదు. మూడోనాడు పొద్దున ఎవరో చూశారు. దిబ్బ మీద, దుబ్బుకు వీపు ఆనించి కూర్చునే ఉంది. కుడి కాలు తుంటి దగ్గర తిరగని వైపుకు తిరిగి ఉంది.

డాక్టరు గుండె ఆగిందన్నాడు. బాధ పడి ఉండదన్నాడు. అందరూ ఆ మాట పట్టుకుని తేలికపడ్డారు.

ఆమె ఒళ్ళో ఒక జడ ఉంది. చుట్టూ ఉన్న పచ్చి తుంగ తెంపి మూడు పాయలుగా అల్లిన జడ. నేను దాన్ని కడిగి, ఆరబెట్టి, చేతులు చాపి కొలిచాను. మూడు బారలు, పైన జానెడు. మా ఇంట్లో అందరం అల్లేవాళ్ళమే. ఒక బారకు ఎంతసేపు పడుతుందో నా వేళ్ళకు తెలుసు. మూడు బారలంటే నడినెత్తి ఎండ నుంచి పొద్దు గుంకేదాకా. చివర వదులుగా లేదు. ముడి వేసి ఉంది.

ఆ ముడి వేసేదాకా గంట కోసం చూసింది.

జడను చుట్ట చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టాను. ఎవరితోనూ అనలేదు.

*

కోతలు మొదలైన తొమ్మిదో రోజు. రెండు వినబడ్డాయి. నేను వాకిట్లో తడి తుంగ పరుస్తున్నాను. నా నీడ పాదాల కిందికి వచ్చింది. పరవడం అయిపోయింది. పరిచినదాన్నే మళ్ళీ పరిచాను. మగ్గం చప్పుడవుతోంది. మూడు రాలేదు.

అంతకు ముందటేడు ఆగాను. ఈసారి ఆగలేదు.

గట్టు మీదికి ఎలా వెళ్ళానో గుర్తు లేదు, ఒక చెప్పు దారిలో దొరికింది తరవాత. ఇనుము తీసుకుని బాదాను. రెండు కాదు, మూడు కాదు. చేతికి ఊపు ఉన్నంతసేపూ బాదాను. నలువైపులా తుంగ కదిలింది, మనుషులు బయటపడ్డారు. పొడుగాయన ముందు.

“ఎటు వదినా? ఎటు?”

దిబ్బ వైపు చెయ్యి చూపించాను. ఈసారి లోపలే వెతకండి అని నా నోరు అరుస్తూనే ఉంది.

వాళ్ళకి దారి లేదు. అమ్మాయి అంచుల నుంచి కోసుకుంటూ వెళ్ళింది, దిబ్బ చుట్టూ ఇంకా నిలువు తుంగే. వచ్చిన ఆరుగురూ వరసగా నిలబడి కొడవళ్ళు విసిరారు. జానెడు వదిలి కోసే తీరిక ఎవరికి? మొదలు దొరికిన చోట, నీళ్ళ కింద, బురద దగ్గర నరుక్కుంటూ పోయారు. గట్టు నుంచి దిబ్బకు తిన్నగా బాట పడింది.

బాట చివర మా అమ్మాయి మోచేతుల దాకా బురదతో, నానమ్మ ఆనుకున్న పాత దుబ్బును విడదీస్తోంది. తల ఎత్తి అందరినీ చూసింది.

“ఏమైంది? ఎవరికేమైంది?”

పొడుగాయన నడుము పట్టుకుని నవ్వు మొదలెట్టాడు.

“మీ ఇంట్లో పాలు పొంగినా మేం కొడవళ్ళు పట్టుకుని రావాలా వదినా? ఒరేయ్, గంట మళ్ళీ మోగిందిరోయ్!”

నేను గట్టు మీద కూలబడి నవ్వాను. ఏడుస్తూ నవ్వాను. బతికుంది నా బిడ్డ, ఊరంతా టంగు టంగుమన్నా సరే.

అందరూ వెళ్ళాక అమ్మాయి ఆ బాట వెంట నడిచి వచ్చింది. సగంలో ఆగి వంగి చూసింది. నీళ్ళ కింద తెగిన మొనల్లోంచి చిన్న చిన్న బుడగలు పైకి వస్తున్నాయి. గట్టు దాకా, బాట పొడుగునా, బుడగలు.

“ఇవి నానమ్మ చేత్తో నాటిన దుబ్బుల పిలకలు,” అంది. “ఇవి ఇక లేవవు.”

“పోనీలేమ్మా. నువ్వు కనబడక...”

“దుబ్బు పెద్దది, టైం పట్టింది. నీ మోత విన్నా, సగంలో వదల్లేకపోయా. అంతే.” కొడవలి కడుక్కుంది. గుంజ దగ్గరికి వచ్చి, నన్ను చూస్తూ, మూడు కొట్టింది. తరవాత గొంతు తగ్గించి అంది.

“మోగాల్సిన రోజు మోగలేదు నువ్వు.”

*

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వాకిట్లో ఎదురెదురుగా కూర్చుని తుంగ ఏరుతున్నాం. పొడుగువి అటు, పొట్టివి ఇటు, మచ్చలవి వెనక్కి. లోపల మగ్గం చప్పుడు. ఏడాది కిందటి ఆ మధ్యాహ్నం ఎలా ఉందో ఈ మధ్యాహ్నమూ అలాగే ఉంది. ఏరుతున్న చేతులు ఆపకుండానే చెప్పేశాను.

“ఆ రోజు మూడు దెబ్బలు నేను వినలేదు.”

అమ్మాయి పుల్లల్ని వేలి మీద కొలుస్తోంది.

“మీ నాన్న అడిగితే విన్నానని చెప్పాను. తరవాత అందరికీ అదే చెప్పాను. ఆమె ఒళ్ళో దొరికిన జడ మూడు బారలుంది. అంటే పొద్దు గుంకేదాకా...”

“నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“వినబడలేదని. నీ పక్కనే కూర్చున్నాగా.” పొట్టి పుల్లను పొడుగు వాటిలో వేసింది. మళ్ళీ తీసి ఇటు వేసింది. “నేనూ వింటూనే ఉన్నా. నాకూ వినబడలేదు.”

“మరి అననే లేదేమే?”

“నీ మొహం చూశాను. నువ్వు భయపడలేదు. గాలి వీస్తే భయపడే దానివి, నువ్వే భయపడలేదంటే ఇక భయం లేదేమో అనుకున్నా. నాకే వినబడి ఉండదనుకున్నా.” ఇంకో పుల్ల తీసుకుంది. “రోజూ అదే అనుకుంటున్నా.”

నేను జీవితంలో ఎన్నో కీడులు ఎంచాను. పిడుగులు, పాములు, ఊబి, జ్వరాలు. నా పిల్ల నా మొహం చూసి ధైర్యం తెచ్చుకుంటుందని, అదే కీడు అవుతుందని మాత్రం ఏనాడూ ఎంచలేదు.

అప్పుడు తెలిసింది, మగ్గం చప్పుడు ఆగిపోయి చాలాసేపయిందని.

మా ఆయన కర్ర పట్టుకుని వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. మా ఇద్దరి వైపూ చూడలేదు. ఏరిన కుప్పలోంచి ఒక పుల్ల తీసి వేళ్ళ మధ్య తిప్పాడు.

“ఎన్ని బారలన్నావ్?”

“మూడు. పైన జానెడు.”

ఆయన పెదవులు కదిలాయి. చాపలు నేసే మనిషి, ఆ లెక్క నాకన్నా తొందరగా చేసుంటాడు. పుల్లను తీసినచోటే పెట్టి, లేచి లోపలికి వెళ్ళాడు. ఆ పూట మళ్ళీ మగ్గం మోగలేదు.

*

కోతల ఆఖరు రోజుకు మడి అంతా జానెడు ఎత్తున గుచ్చిన సూదుల్లా, మొదళ్ళలో అప్పుడే పచ్చటి కొత్త మొనలతో ఉంది. నడుమ ఆ బాట మాత్రం నల్లబడింది. నీళ్ళే ఉన్నాయి అందులో, ఇంకేం లేదు. నేను వేయించిన బాట.

అమ్మాయి గట్టు మీద కట్టలు కడుతోంది. నేను ట్రంకు పెట్టె అడుగు నుంచి తీసిన జడను మెడకు చుట్టుకుని వెళ్ళాను.

“కొడవలి ఇలా ఇవ్వు.”

“ఎందుకు?”

“దిగుతాను.”

“నువ్వా!” అంది. తరవాత నా మెడలో ఉన్నది చూసింది. కొడవలి ఇచ్చింది. “అడుగు ఈడ్చి వెయ్యి, ఎత్తి వెయ్యకు. మొదళ్ళు గుచ్చుకుంటాయి.”

రెండు కొట్టాను. నా చేతిలో ఆ దగ్గు గొంతు ఎంత దగ్గరగా ఉందో చెప్పలేను.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. బురద పాదాన్ని పట్టుకుని, ఆలోచించి, వదిలేది. పాములు లేవు. ఊబి లేదు. నేను ఇరవై రెండేళ్ళు గట్టు మీద కూర్చుని పోసిన భయమంతా మోకాలి లోతు ఉంది. దిబ్బ ఎక్కి, ఆమె కూర్చున్న చోట కూర్చున్నాను. ఎదురుగా మా ఇంటి వాకిలి, రెండో మెట్టు. ఇప్పుడు తుంగ కోసేశారు గనక కనబడుతున్నాయి. ఆ రోజు ఆమెకు నిలువు తుంగ తప్ప ఏమీ కనబడి ఉండదు. మా మగ్గం చప్పుడు మాత్రం అక్కడికి వినబడుతోంది. ఒక్కో దెబ్బా స్పష్టంగా. ఆ రోజూ వినబడే ఉంటుంది. ఇంట్లో అందరూ ఉన్నారని ఆమెకు తెలుసు.

విడదీసిన పాత దుబ్బులోంచి అమ్మాయి ఒక పిలకను దిబ్బ అంచునే నాటింది. మెడ దాకానే, తల గాల్లో. జడను దాని మొదట్లో చుట్టి పెట్టాను.

“పదండి అత్తయ్యా,” అన్నాను. “పొద్దు పోతోంది.”

వచ్చిన బాటలోనే తిరిగి వచ్చాను. గట్టెక్కి మూడు కొట్టాను. ఇనుము ఊగడం ఆగేదాకా ఉన్నాను. మళ్ళీ మూడు కొట్టాను.

పక్క మడిలోంచి పొడుగాయన తల లేచింది.

“లెక్క తప్పావు వదినా! ఆరేంటి?”

కట్ట బిగిస్తున్న అమ్మాయి తల ఎత్తకుండానే అంది. “తప్పలేదు బాబాయ్. ఇద్దరొచ్చారు.”

“ఇద్దరా? ఇంకెవరున్నారు లోపల?”

అతను దిబ్బ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నవ్వు మొహం మెల్లగా సర్దుకుంది.

“పెద్దమ్మ అప్పుడే వచ్చేసిందన్నావుగా. మూడు విన్నానన్నావుగా.”

“వినలేదు,” అన్నాను. “అబద్ధం చెప్పాను. ఆమె లోపలే ఉంది.”

మెడ లోతు కాలువలో రెండు రోజులు నిలబడిన మనిషి. పదేళ్ళప్పుడు అత్తయ్య చేతుల మీదుగా కోత నేర్చుకున్న మనిషి. ఏదో అంటాడని చూశాను. తిడితే పడదామనే నిలబడ్డాను. అతను వంగి, మళ్ళీ కోత మొదలెట్టాడు. కొడవలి తుంగలో పడే చప్పుడు చాలాసేపు వినబడింది.

ఇప్పటికి నాలుగు కోతలయ్యాయి. బాట అంచుల నుంచి పిలకలు మెల్లగా లోపలికి పాకుతున్నాయి. అమ్మాయి వాటిని కదపొద్దంది, వాటికవే రావాలంది. రెండో మెట్టు మీద ఎండ పడే వేళ రెండు దెబ్బలు మళ్ళీ వినబడలేదు. ఆ వేళకు వాకిట్లోకి వచ్చి నిలబడే అలవాటు మాత్రం పోలేదు.

పొడుగాయన దారిలో ఎదురైతే పలకరిస్తాడు, మర్యాదగానే, వదినగారూ అని. పిల్లలు పక్కకు తప్పుకుని దారిస్తారు. ఆ రోజు తరవాత నన్ను ఎవరూ గంట అనలేదు.

ఒక్కసారి, ఎవరైనా అంటే బాగుండును.